మనవాళ్ళు లేని ఊరికి ప్రస్థానం

ఆదివారం భోజనాలకు వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక మా ఆవిడ సింకు దగ్గర నిలబడి, పెద్ద గిన్నెలు తోముతూ ఒక మాట అంది.

"మనవాళ్ళెవరూ లేని ఊరు ఒకటి చూడండి. నాలుగు రోజులు వెళ్ళొద్దాం."

సరదాకి అంటోందనుకున్నాను. "అలాంటి ఊరు ఈ దేశంలో ఎక్కడుంది? అలాస్కాలో కూడా మీ బాబాయిగారి క్లాస్‌మేట్ ఉన్నాడు."

"ఈ దేశంలోనే ఉండాలని నేననలేదు" అంది, గిన్నె బోర్లిస్తూ.

అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. మేము చికాగో పక్కన అరోరాలో ఉండేవాళ్ళం. మా ఆవిడ పిల్లల డాక్టరు. అమెరికా వచ్చింది ఆమె ఉద్యోగం మీదే. నేను ఆమె వెంట వచ్చాను. చదివింది చరిత్ర. చేసేది ట్రక్కుల కంపెనీలో ఏ బండి ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి అని లెక్క కట్టే పని. ఆ లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. చేతికి దొరికిన పాత పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నాను. అదే పద్ధతిలో పంచాంగం కూడా పట్టుబడింది. ఇండియా నుంచి వచ్చే పంచాంగంలో వేళలు ఇక్కడికి పనికిరావు. తిథి అయితే గంటల తేడా తీసేస్తే చాలు. రాహుకాలం, దుర్ముహూర్తం అలా కుదరవు. వాటికి మన ఊరి సూర్యోదయం కావాలి. నేను ప్రతి ఉగాదికీ అవన్నీ అరోరా సూర్యుడికి సరిచేసి పెట్టుకునేవాణ్ణి. చుట్టుపక్కల తెలుగువాళ్ళు కొత్త ఇంట్లో పాలు పొంగించాలన్నా, కొత్త కారు తెచ్చుకోవాలన్నా మా ఇంటికి ఫోన్ చేసేవారు. వాళ్ళ పిల్లలకు జ్వరమొస్తే ఆ ఫోన్ మా ఆవిడకు.

ఇక మా ప్రయాణాల సంగతి. అన్నీ మనుషుల దగ్గరికే. ఇండియా వెళ్తే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి. ఏ ఇంటికి వెళ్ళినా మా ఆవిడ మొదటి పూట అతిథి, రెండో పూటకి వంటింట్లో మనిషి, మూడో పూటకి ఆ వీధి పిల్లలందరికీ డాక్టరు. నయాగరా చూద్దామని వెళ్తే బఫెలోలో తెలిసినవాళ్ళ ఇంట్లో దిగాం. జలపాతం దగ్గర నిలబడింది గంట, వాళ్ళింట్లో దోసెలు పోసింది రెండు రోజులు. తను ఏనాడూ విసుక్కోలేదు. అందుకే ఆ ఆదివారం అన్న మాట సరదా కాదని నాకు అర్థం కావడానికి వారం పట్టింది.

ఊరి పేరు చెప్పింది పక్కింటావిడ. మాది ఒకే కప్పు కింద రెండిళ్ళు, మధ్యలో గోడ, ముందు ఇద్దరికీ కలిపి ఒకటే వరండా. పడమటి సగం మాది, తూర్పు సగం ఆవిడది. డెబ్భై దాటిన ఒంటరి మనిషి. వాళ్ళమ్మ లక్సెంబర్గ్‌లో పుట్టింది. మా ఊరి పాత వీధుల్లో ఆ బుల్లి దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలానే ఉండేవి. ఆవిడ ముందు గదిలో గోడకు ఒక పింగాణీ పళ్ళెం వేలాడుతుండేది. దాని మీద లోతైన లోయ, లోయ మీద వంతెన, కొండరాతి అంచున కోటగోడ.

"రాజధాని పేరూ లక్సెంబర్గే. రాజధాని అంటే పెద్దదనుకోకండి. మన అరోరా అంతే ఉంటుంది" అంది ఆవిడ మాతో. "ఒక పూటలో చుట్టి రావచ్చు. ఐస్‌లాండ్ మీదుగా వెళ్ళే చౌక విమానం అక్కడే దిగుతుంది. అందరూ అక్కడ దిగి రైలెక్కి పారిస్ పోతారు. ఎవరూ ఆగరు."

"మీరు చూశారా?" అని మా ఆవిడ అడిగింది.

"లేదు హనీ. అక్కడ నాకు ముప్పైమంది కజిన్లు. ఒకళ్ళింట్లో దిగితే మిగతావాళ్ళకు కోపం. అందరిళ్ళల్లో దిగడానికి నాకు ఓపిక లేదు. మీకు హాయి. మీకు అక్కడ ఎవరూ లేరు. వాళ్ళ అడ్రసులు మాత్రం మీకు చచ్చినా ఇవ్వను" అంది.

మా ఆవిడ ఆ మాటకు నవ్విన నవ్వు చూసి, ఊరు ఖాయమైందని నాకు తెలిసింది.

ఆవిడ దగ్గర ఒక పాత గైడుపుస్తకం ఉంటే మా ఆవిడ అరువు తెచ్చుకుంది. నేను లైబ్రరీ నుంచి పటం తెచ్చాను. భోజనాల బల్ల మీద పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి కూర్చునేవాణ్ణి. మా అమ్మ వచ్చి గ్లాసు తీస్తే పటం చుట్టుకుపోయేది. మా అమ్మ అప్పటికి నాలుగేళ్ళుగా మాతోనే ఉంటోంది.

ఆ ఊరు నన్ను బాగా పట్టేసింది. ఊరు పైన ఉంది, నది కింద ఉంది. పైన రాజుగారి మేడ, దుకాణాలు, కోటగోడ; కింద లోయలో రెండు వీధుల పాతపేట, నీటి మరలు. రాతి కొండ లోపల సొరంగాలు. లోయ ఎంత లోతో, గోడ ఏ దిక్కుకు ఉందో చూసుకుని, ఏప్రిల్ నెలలో అక్కడ సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో కట్టాను. ఉదయం పూట ఎండ పైనే ఉంటుంది. నది ఒడ్డు దాకా దిగాలంటే బాగా పొద్దెక్కాలి. కాబట్టి పొద్దున్న గోడ మీద నడక, ఎండ లోయలోకి దిగే వేళకు మనమూ దిగడం. వాన వస్తే సొరంగాలు. మ్యూజియం మూసే రోజు పక్క ఊరి కోటకు రైలు. నాలుగు రోజులూ ఒక్క సందు లేకుండా కుదిరాయి. నా ట్రక్కులకు కూడా అంత చక్కటి దారి ఎప్పుడూ కట్టలేదు.

మా ఆవిడకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "అంతా బాగుంది. ఇందులో కూర్చోవడం ఎక్కడ పెట్టారు?" అంది.

"అదేంటి, భోజనాల దగ్గర కూర్చుంటాం కదా."

"నిజమే" అని లేచి వెళ్ళి పొయ్యి మీద పప్పు కలిపి వచ్చింది.

మా అమ్మ బియ్యం, కందిపొడి, ఎలక్ట్రిక్ కుక్కరు తీసి బల్ల మీద పెట్టింది. హోటల్ గదిలో అన్నం వండుకోకుండా అప్పట్లో మనవాళ్ళెవరూ ప్రయాణం చేసేవాళ్ళు కాదు. మా ఆవిడ మెల్లగా కుక్కరు తీసి మళ్ళీ అరలో పెట్టేసింది.

"అత్తయ్యగారూ, కుక్కరు తీసుకెళ్తే అది కూడా మన వంటిల్లే అయిపోతుంది."

"మరి ఏం తింటారు?"

"వాళ్ళేం తింటే అదే. బ్రెడ్డు, బంగాళాదుంపలు."

"నాలుగు రోజులూ దుంపలే?" మా అమ్మ నా వంక జాలిగా చూసింది.

వీసాలు వచ్చాయి. మా అమ్మాయికి కాలేజీ సెలవులు ఆ వారమే కావడంతో నాయనమ్మకు తోడుగా వస్తానంది. టికెట్లు శనివారం సాయంత్రానికి దొరికాయి. అక్కడ మొదలైంది మా అమ్మ అభ్యంతరం.

"శనివారం తూర్పుకా? శని, సోమ తూర్పు పనికిరాదురా. వారశూల. పదిమందికీ ముహూర్తాలు చెప్తావు, నీ పెళ్ళాన్ని శూలకెదురుగా తీసుకుపోతావా?"

నాకు ఆ సంగతి తెలియక కాదు. అయితే నా దగ్గర జవాబు ఉందనుకున్నాను. మా అమ్మాయి చిన్నప్పటి గ్లోబు తెచ్చి, చికాగో మీద దారం ఒక కొస, ఐస్‌లాండ్ మీద ఇంకో కొస పట్టుకుని లాగి చూపించాను. "చూడమ్మా, విమానం తూర్పుకు పోదు. గుండ్రటి నేల మీద దగ్గర దారి ఇదీ. మొదట దాదాపు ఉత్తరానికి పోతుంది. శనివారం ఉత్తరానికి ఏ దోషమూ లేదు."

మా అమ్మ దారాన్ని, గ్లోబునూ చూసింది. "చేరే ఊరు ఎటుంది?"

"తూర్పునే."

"మరి దారం ఎటు పోతే ఏం?"

మా ఆవిడ పక్కకు తిరిగి నవ్వుకుంది. చివరికి మా అమ్మే దారి చూపించింది. ప్రస్థానం పెట్టమంది. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే మంచి వేళ చూసి, మనతో తీసుకెళ్ళే పెట్టె ఒకటి వెళ్ళే దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి రావడం. ఆ తరవాత దాన్ని మళ్ళీ మన ఇంట్లోకి తేకుండా, వెళ్ళేటప్పుడు అక్కణ్ణుంచే తీసుకుపోవడం. పెట్టె గడప దాటిన వేళే మనం బయలుదేరిన వేళ.

"మా మామగారు కాశీ వెళ్ళినప్పుడు పెట్టె కాదు, ఆయనే ప్రస్థానం ఉన్నారు" అని మా అమ్మ గుర్తు చేసుకుంది. "ఎదురింటివాళ్ళ అరుగు మీద. పెట్టె కంటే మనిషి వెళ్తే ఇంకా శ్రేష్ఠం. మూడు రాత్రులు దాటకూడదు. సొంతింటి అన్నం తినకూడదు. ఆ ఎదురింటి మహాతల్లే పెట్టింది ఆయనకి."

పంచాంగం చూశాను. గురువారం సాయంత్రం, మా ఆవిడ హాస్పిటల్ నుంచి వచ్చాక, చక్కటి వేళ దొరికింది. తూర్పున ఉన్న ఇల్లు పక్కింటావిడదే. ఆవిడకు వివరించి చెప్తే కళ్ళజోడు సర్దుకుని విన్నది.

"అంటే పెట్టె గురువారం బయలుదేరుతుంది. మీరు శనివారం పెట్టెని కలుస్తారు."

"అంతే."

"మా అమ్మ ఉంటే ఇది ఆవిడకి చాలా నచ్చేది" అంది.

అంతా సిద్ధమైందనుకున్న ఆ ఆదివారం పొద్దున్న జర్మనీ నుంచి ఫోన్ వచ్చింది. మా పిన్ని కొడుకు. లక్సెంబర్గ్‌కు కారులో మూడు గంటల దూరంలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. అతనికి చెప్పింది మా అమ్మే. చెప్పకుండా ఎలా ఉంటుంది, చెల్లెలి కొడుకు.

"ఏంటన్నయ్యా ఇది! మా గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా పోతారా? పెద్దమ్మ చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు."

"అలాక్కాదురా, చిన్న ట్రిప్పు..."

"చిన్న ట్రిప్పో పెద్ద ట్రిప్పో. పాప పుట్టి నెల కాబోతోంది. బారసాల మీ కోసమే ఆపాం. ముహూర్తం కూడా నువ్వే పెట్టాలి. నేనొచ్చి పికప్ చేసుకుంటాను, మళ్ళీ ఫ్లైట్‌కి డ్రాప్ చేస్తాను. ఇక్కడ పెద్దవాళ్ళెవరూ లేరన్నయ్యా మాకు. వదిన ఉంటే కాస్త ధైర్యం."

అతని గొంతులో నిజంగానే బెంగ ఉంది. పరాయి దేశంలో మొదటి కాన్పు, చుట్టూ మన మనిషి ఒక్కరు లేరు. నేను పంచాంగం తీశాను. మేమక్కడ ఉండే రోజుల్లోనే బుధవారం, పాప జన్మనక్షత్రానికి కూడా సరిపోయేలా, అచ్చంగా అమిరింది. అలాంటిది దొరికితే నా ప్రాణం లేచొస్తుంది. పటం మళ్ళీ పరిచాను. సొరంగాలు తీసేసి, పక్క ఊరి కోట తీసేసి, లోయను గోడతో కలిపేస్తే రెండు రోజుల్లో రాజధాని, రెండు రోజుల్లో బారసాల. కుదిరింది.

మా ఆవిడ బెండకాయలు తరుగుతోంది. శుభవార్తలాగే చెప్పాను. కత్తి ఆగలేదు.

"బాలింతకు సాయం ఎవరున్నారట?"

"వాడి అత్తగారు వచ్చే నెల వస్తారట. ఈలోగా నువ్వొస్తున్నావు కదా అన్నాడు."

"ఎంతమందిని పిలుస్తున్నారట బారసాలకి?"

"ఆ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళు. పాతికమంది ఉంటారేమో."

"సరే" అంది. మిగిలిన కాయలు తరిగేసింది. చేతులు కడుక్కుని, బల్ల మీద నుంచి గైడుపుస్తకం తీసింది. "ఇది ఆవిడకి తిరిగి ఇచ్చేస్తాను. ఇక ఇంత పుస్తకం అక్కర్లేదు కదా."

కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ మూడు రోజులూ ఇల్లు జర్మనీ ప్రయాణానికి తయారైంది. మా అమ్మ సున్నుండలు కట్టింది. బాలింత పథ్యానికి కారప్పొడి కొట్టింది. ఆవకాయ జాడీ మూతకు గుడ్డ కట్టి, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టింది. పక్క ఊరు నేపర్‌విల్ నుంచి ఎవరో, వాళ్ళ తమ్ముడు కూడా జర్మనీలో ఆ ఊళ్ళోనే ఉన్నాడని, చీరల పొట్లం తెచ్చి ఇచ్చారు. పటం చుట్టి మూలకు నిలబెట్టాను. బల్ల మీద దానికి చోటు లేదు.

గురువారం సాయంత్రం మా ఆవిడ వచ్చి, స్నానం చేసి, తన చిన్న పెట్టె సర్దుకుంది. మా అమ్మ పసుపు గుడ్డలో గుప్పెడు బియ్యం, వక్క, పసుపు కొమ్ము మూటగట్టి పెట్టెలో పెట్టింది. నేను గడియారం చూసి "ఇక వెళ్ళొచ్చు" అన్నాను.

"వెనక్కి తిరిగి చూడకమ్మాయ్" అంది మా అమ్మ.

చూడలేదు. వరండా దాటి, పక్క తలుపు తట్టి, లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

మేము అన్నాలకు కూర్చోవడానికి ఎదురుచూశాం. చారు చల్లారింది. "ఏవో కబుర్లలో పడినట్టుంది, పిలుచుకు రా" అని మా అమ్మ పంపితే వెళ్ళి తలుపు తట్టాను. మా ఆవిడే తీసింది. కాళ్ళకు పక్కింటావిడ ఉన్ని చెప్పులు ఉన్నాయి.

"నేను రావట్లేదండీ."

"రాకపోవడమేంటి?"

"పెట్టె కంటే మనిషి వెళ్తే శ్రేష్ఠమని అత్తయ్యగారు చెప్పారు కదా. నేనే ప్రస్థానం వచ్చాను. శనివారం మీరొచ్చి తీసుకెళ్ళండి."

మా అమ్మ అప్పటికే మా గుమ్మంలోకి వచ్చింది. "ఏంటమ్మాయ్, చుట్టాలకి పట్టుకెళ్ళేవి ఇంకా సర్దలేదు!"

"బయలుదేరినదాన్ని, మళ్ళీ గడప తొక్కకూడదు కదా అత్తయ్యగారూ."

మా అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "పోనీ అన్నమైనా పంపిస్తాను."

"సొంతింటి అన్నం పనికిరాదన్నారు మీరు."

"మరి ఏం తింటావే?"

వెనక నుంచి పక్కింటావిడ గొంతు వినిపించింది. "సూప్ వేడి చేస్తున్నాను. చారు కాదు గానీ చారులాంటిదే అని చెప్పండి మీ అమ్మగారికి."

చెప్పాను. మా అమ్మ "దొరసాని డబ్బా చారు" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది. శాస్త్రం తనది. దాన్ని కాదనడం ఎలాగో ఆవిడకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

శుక్రవారం నుంచి మా ఆవిడకు సెలవు. ఆ రోజు ఫోన్ మోగుతూనే ఉంది. ఒకావిడ పిల్లాడికి దగ్గు. ఉగాది సంబరాలకు పులిహోర ఎంతమందికి చెయ్యగలదో కనుక్కోవాలని తెలుగు సంఘంవాళ్ళు. జర్మనీకి ఇంకో పొట్లం ఇవ్వాలని ఇంకొకరు. మొదటి ఫోన్‌కి "పక్కింట్లో ఉంది, పిలవనా" అనబోయి ఆగాను.

"ఆంటీ ఉన్నారా అంకుల్?"

"లేదమ్మా. బయలుదేరిపోయింది."

అబద్ధం కాదు. పంచాంగం ప్రకారం అక్షరాలా నిజం. అన్ని ఫోన్లకూ అదే చెప్పాను. చెప్పిన కొద్దీ ఆ మాట నాకు కొంచెం కొంచెంగా అర్థమవుతూ వచ్చింది. ఆమె మా ఇంట్లో లేకుండా పోవడానికి ఒక గోడ చాలు. ఆ గోడ ఇన్నేళ్ళూ దొరకలేదు, అంతే.

మధ్యాహ్నం ఆవకాయ జాడీ ఏ పెట్టెలో సర్దాలో తెలియక, జాడీ పట్టుకునే వరండాలోకి వెళ్ళాను. పక్కింటి కిటికీలోంచి ముందు గది కనిపించింది. పింగాణీ పళ్ళెం కింద వాలుకుర్చీలో మా ఆవిడ కూర్చుని ఉంది. కాళ్ళు చిన్న పీట మీద చాపుకుంది. గైడుపుస్తకం ఒడిలో మూసే ఉంది. నిద్ర లేదు, చదవడం లేదు. వీధిలోకి చూస్తోంది; వీధిలో ఏమీ లేదు. ఎదురుగా పక్కింటావిడ పేపర్లో క్రాస్‌వర్డ్ గళ్ళు నింపుకుంటోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు.

మా ఆవిడ కుర్చీలో కూర్చోవడం నేను రోజూ చూసేదే. అంచున కూర్చుంటుంది. ఫోన్ మోగినా, పాలు పొంగినా, ఎవరు పిలిచినా లేవడానికి వీలుగా. ఆమె వీపు కుర్చీ వెనక్కి ఆనగా చూడటం మాత్రం అదే మొదలు. ఎప్పుడైనా చూశానా అని వెనక్కి వెనక్కి వెతికాను. దొరకలేదు.

పక్కింటావిడ నన్ను చూసి మెల్లగా తలుపు దగ్గరికి వచ్చింది.

"అర్జెంటా?"

"కాదు."

"అయితే కదిలించను ఆమెని."

"నిద్రపోవట్లేదు కదా" అన్నాను.

"అదే. నిద్రపోతుంటే లేపేదాన్ని" అంది ఆవిడ.

జాడీతో వెనక్కి వచ్చాను. జర్మనీలో అప్పటికి రాత్రి భోజనాల వేళ. ఫోన్ చేశాను. మా అమ్మ పక్కనే కూర్చుని మిగిలిన సున్నుండలు డబ్బాలోకి పేరుస్తోంది.

"ఒరేయ్ తమ్ముడూ, మేము రాలేం ఈసారి."

"అదేంటన్నయ్యా! అందరికీ చెప్పేశాం. వదినకి ఒంట్లో బాలేదా?"

తను అలా అడగ్గానే, ఔనంటే ఎంత సులువో అనిపించింది. "బాగానే ఉంది. మీ వదిన ఎవరింటికీ వెళ్ళకుండా నాలుగు రోజులు ఉండాలనుకుందిరా. అందుకే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. నేనే మర్చిపోయాను."

ఆ వైపు నుంచి పాప ఏడుపు వినిపిస్తోంది.

"మాది ఎవరిల్లో కాదు కదన్నయ్యా" అన్నాడు.

"కాదు. నీది నా ఇల్లే. అప్పుడు వంటిల్లు కూడా మీ వదినదే అవుతుంది కదా మరి. చిక్కు అక్కడే వచ్చింది." ఏం చెప్తున్నానో నాకే సరిగా తెలియలేదు. "బుధవారం ముహూర్తం మాత్రం దివ్యంగా ఉంది. మేము లేకపోయినా దానికేం లోటు లేదు. పాయసం ఒక్కటి చెయ్యి చాలు. వచ్చిన పాతికమందినీ తలా ఒకటి వండుకు రమ్మను. మీ ఆవిణ్ణి లేవనివ్వకు. వేసవిలో నేనొక్కణ్ణే వస్తాను, వారం ఉంటాను. అన్నం వండటం వచ్చు నాకు."

"నీకా?" అని నవ్వాడు. పూర్తిగా నవ్వలేదు, కానీ నవ్వాడు. "సరే అన్నయ్యా. పాపకి పేరు పెట్టే అక్షరమైనా చెప్పు." చెప్పాను. ఆ వేసవిలో మాట ప్రకారం వెళ్ళాను కూడా.

ఫోన్ పెట్టేసి మా అమ్మ వైపు చూడటానికి భయపడ్డాను. ఆవిడ డబ్బా మూత పెడుతూ, ఎవరితోనో అన్నట్టు చెప్పింది.

"మా మామగారు కాశీ వెళ్ళినప్పుడు మా అత్తగారు కూడా వెళ్ళాల్సింది. ఆయన ప్రస్థానం వెళ్ళాడు. ఆవిడ ఆ పూట వచ్చిన చుట్టాలకి వండి పెడుతూ ఉండిపోయింది. మర్నాడు ఇంకెవరో వచ్చారు. ఆయనొక్కడే బండెక్కాడు."

ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు.

"ఆ జాడీ తీసుకెళ్ళి దొరసానికిచ్చిరా" అంది మా అమ్మ లేస్తూ. "బాగా కారం, ముందు కొంచెమే తినమని చెప్పు. సున్నుండలు కూడా నాలుగు పెట్టు. అవి సొంతింటివే గానీ, అన్నం కాదు కదా."

మర్నాడు పొద్దున్న మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. "నాన్నా, అమ్మ పక్కింట్లో ఎందుకుంది?"

"ప్రయాణంలో ఉంది."

"ఓకే" అని నాయనమ్మ దగ్గరికి పోయింది. ఆ పిల్లకు మా ఇంట్లో ఏదీ వింత కాదు.

సాయంత్రం నా పెట్టె తీసుకుని పక్క తలుపు తట్టాను. మా ఆవిడ తన పెట్టె తానే పట్టుకుని వచ్చింది. పక్కింటావిడ గైడుపుస్తకం ఆమె చేతిలోనే ఉంది. కారెక్కి, ఊరు దాటాక అడిగింది.

"సోమవారం వాళ్ళు ఎన్నింటికొస్తారు మన కోసం?"

"రారు. వద్దన్నాను."

దారి వైపే చూస్తోంది. "అత్తయ్యగారికి తెలుసా?"

"ఆవకాయ నిన్ననే దొరసానికి ఇప్పించేసింది."

"అదా సంగతి!" అని మా ఆవిడ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. "రాత్రి ఆవిడ సూప్‌లో ఏదో ఎర్రగా కలుపుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే ఇంకాస్త వేసుకుంది. ఎక్కడిదంటే చెప్పలేదు." టోల్ దగ్గర బండి ఆపి చిల్లర వేసేదాకా నవ్వుతూనే ఉంది. ఆ తరవాత కాసేపు నా చెయ్యి పట్టుకుంది.

లక్సెంబర్గ్‌లో దిగేటప్పటికి సన్నటి చలి. పాస్‌పోర్టులు చూసే కుర్రాడు మా ఇద్దరినీ చూసి, మర్యాదగానే, ఎవరి దగ్గర దిగుతున్నారని అడిగాడు. నేను హోటల్ కాగితం తీయబోతుంటే మా ఆవిడ ముందుకు వంగింది.

"ఎవరి దగ్గరా కాదు" అంది. ఆ ఇంగ్లీషు ముక్కలో ఉన్న సంతోషానికి ఆ కుర్రాడు తలెత్తి చూసి, ముద్ర వేశాడు.

మర్నాడు పొద్దున్న కోటగోడ మీదికి వెళ్ళాం. పళ్ళెంలో ఉన్నట్టే ఉంది, రంగులు మాత్రం తక్కువ. గోడ పక్కన బల్ల ఉంటే కూర్చుంది. వెనక్కి ఆనుకుంది. కింద లోయలో ఇళ్ళ కప్పులు నీడలో ఉన్నాయి. నేను వేళలు రాసుకున్న కాగితం చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఎదుటి కొండ మీది ఎండ జారుతూ, నేను కట్టిన వేళకే, నది ఒడ్డు మీదికి దిగింది. నీళ్ళు మెరిశాయి. అంత దూరాన కూర్చుని కట్టిన లెక్క కళ్ళ ముందు నిజమైతే ఎవరికైనా గర్వంగానే ఉంటుంది.

"కింద ఎండ వచ్చింది" అన్నాను.

"రానివ్వండి" అంది, కాళ్ళు ఇంకొంచెం చాపుకుంటూ.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పక్కన కూర్చున్నాను. మొదట అంచున. తరవాత నేనూ వెనక్కి ఆనుకున్నాను.